నెలకు నాలుగు బదుళ్లు

మొన్న మే నెలలో నల్గొండలోని ఓ రక్తనిధి ముందు బెంచీ మీద ఒకాయన కూర్చున్నాడు. దేవరకొండ దగ్గరి తండా. కొడుక్కి తలసేమియా, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఎవరో రాసిచ్చిన దాతల నంబర్ల కాగితం మోకాలి మీద పరుచుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాడు. సమాధానం రాని నంబరు మీద పెన్నుతో గీత. నేను చూస్తుండగానే ఏడు గీతలు పడ్డాయి. ఎదురుగా గోడ మీద ఫిబ్రవరిలో ఓ నాయకుడి పుట్టినరోజుకు పెట్టిన రక్తదాన శిబిరం ఫ్లెక్సీ ఇంకా ఉంది. ఆ రోజు దాతలు బారులు తీరారు. కానీ సేకరించిన రక్తం నిలవ ఉండేది 35 నుంచి 42 రోజులు. ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. ఫిబ్రవరిలో ఇచ్చినది మేలో ఆ పిల్లాడికి అందదు.

మన దగ్గర సేవంతా ఇట్లాగే జాతరలా వచ్చి పోతోంది. అందుకే నా మాట సూటిగా చెబుతాను. నెల జీతమో, నడిచే దుకాణమో, పింఛనో ఉన్న ప్రతివాళ్లూ వారానికి రెండు గంటలు పక్కన పెట్టాలి. ఆ గంటలు ఒకే సంస్థకు కాకుండా వంతులవారీగా మూడు నాలుగు సంస్థలకు ఇవ్వాలి. బియ్యం, కరెంటు బిల్లు ఎట్లా తప్పవో, ఇదీ తప్పకూడదు.

ఊరికే పనిచేయమంటే నల్గొండ, పాలమూరు జనానికి ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. మన తాతలు గడీల్లో వెట్టి చేశారు, దాన్ని వదిలించుకోవడానికే ప్రాణాలిచ్చారు. అయితే అవే ఊళ్లలో కూలి లేని పని ఇంకొకటి ఉండేది. అదే బదులు. నాటేసే రోజు నీ మడిలోకి మా ఇంటోళ్లు, నా మడిలోకి మీ ఇంటోళ్లు. కాగితం లేదు, సాక్షి లేడు, అయినా లెక్క తప్పేది కాదు. వెట్టి కింది నుంచి పైకి పోయి అక్కడే ఆగిపోయేది. బదులు ఊరంతా తిరిగి మళ్లీ మన గుమ్మానికే వచ్చేది. ట్రాక్టరు, వరికోత మిషను వచ్చాక బదుళ్లు పోయాయి. ఆ పనితోపాటు ఆ అలవాటు కూడా పోవడమే నా బాధ.

పెద్ద దానాలకు మనకు కొదవ లేదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగిన భూమికి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. అప్పుడది మన నల్గొండ జిల్లానే. దేశమంతా ఆ రోజును చెప్పుకుంటుంది. తర్వాతి దశాబ్దాల్లో భూదాన భూములు ఎన్ని తగాదాల్లో, ఎన్ని కోర్టుల్లో నలిగాయో కూడా మనకు తెలుసు. ఇచ్చిన రోజు చుట్టూ జనం ఉన్నారు, ఆ తర్వాత కనిపెట్టుకుని ఉండేవాళ్లు తక్కువయ్యారు.

ఇక సంస్థలు మార్చుతూ పనిచేయడం ఎందుకంటారా? నారాయణపేట వైపు ఓ ప్రభుత్వ బడిలో పిల్లలతో చదివించే పనికి కొన్నాళ్లు వెళ్లాను. ఐదో తరగతి పిల్లాడు, 'కొడవలి' అన్న మాట మీద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని, చివరికి ఒక్కసారిగా పలికి తలెత్తి చూశాడు. ఆ వెంటనే అడిగాడు, "నువ్వు గూడ రెండు వారాలకే పోతవా సార్?" వాడి అమ్మానాన్నలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె పోయారు. ఇంట్లో అవ్వ ఒక్కతే. వేలిముద్ర పడక ఆమె పింఛను ఆగింది, అవ్వకు తోడుగా ఉండాల్సిన రోజుల్లో వాడు బడి మానేస్తాడు. చదువు చెప్పే సంస్థకు పింఛను పని తెలియదు. పాలమూరులో ముసలివాళ్ల కాగితాలు చూసే సంస్థ ఉంది, దానికి ఈ అవ్వ ఉన్నట్టే తెలియదు. రెండు చోట్లకూ పోయే మనిషికి రెండూ తెలుస్తాయి. ఆ ఒక్క మనిషి నడకతో పింఛనూ కదిలింది, పిల్లాడూ బడికొచ్చాడు. ఒకే సంస్థలో పాతుకుపోతే ఆ సంస్థ చూపించిన మేరకే జిల్లా కనిపిస్తుంది.

మర్రిగూడ వైపు చూడండి. కృష్ణా నీళ్లు వచ్చాయి, సంతోషం. కానీ ఫ్లోరైడ్ నీళ్లు తాగి వచ్చిన ఫ్లోరోసిస్‌తో వంగిన వెన్ను నీళ్లు మారినంత మాత్రాన నిటారు కాదు. ఆ మనిషికి బతికినంత కాలం ఆసుపత్రికి తోడు కావాలి, మంచం పక్కన మనిషి కావాలి. అది ఒక సంస్థ ఒక్కటే మోయగలిగిన బరువు కాదు.

ఇది సర్కారు పని కదా, కూలోళ్లకు తీరిక ఎక్కడిది అనేవాళ్లున్నారు. సర్కారును నిలదీయాల్సిందే, ఆ పని మానమని నేను అనను. కూలోళ్ల సంగతంటారా, పక్కింట్లో చావైతే వాళ్లు ఆ రోజు కూలి పోగొట్టుకుని వెళ్తారు. నేను అడుగుతున్నది వాళ్లను కాదు, ఆదివారం టీవీ ముందు గడిచిపోయే మనల్ని.

అసలు మనం పౌరులమన్న సంగతి మరిచి లబ్ధిదారులమై కూర్చున్నాం. ఏ పథకం వస్తుంది, ఎవరి ఖాతాలో ఎంత పడుతుంది, ఊళ్లో మాటలన్నీ ఇవే. ఇదే గడ్డ మీద నిజాం కాలంలో జీతం బత్తెం లేకుండా గ్రంథాలయాలు పెట్టినవాళ్లున్నారు. ఇప్పుడు డిగ్రీ పిల్లలు జాతీయ సేవా పథకం కింద రెండేళ్లలో 240 గంటలు పనిచేస్తారు, సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే ఆ గంటలు ఆగిపోతాయి. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలు ఆ పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, వాళ్లు ఒప్పుకుంటే, జిల్లాలోని సంస్థలకు అందించాలి. సంస్థలు కూడా ఏ వారం ఏ పనికి ఎంతమంది కావాలో గుమ్మం ముందు బోర్డు మీద రాసి పెట్టాలి. ఎక్కడికి పోవాలో తెలియక ఆగిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి రక్తం ఇవ్వొచ్చు. నేను చివరిసారి ఇచ్చి ఈ శుక్రవారానికి మూడు నెలలు నిండుతాయి. శనివారం వంతు రక్తనిధిది. ఆ తండా తండ్రి కాగితం మీద నా నంబరు కూడా రాసి వచ్చాను.