మా టీవీకి పచ్చకామెర్లు

పచ్చకామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మా ఇంట్లో కామెర్లు వచ్చింది టీవీకి, పచ్చగా కనిపించేది మాకు.

మా నాన్నగారు వాడిన పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అది. స్విచ్ వేస్తే 'థంగ్'మని ఓ చప్పుడు, కాసేపటికి బొమ్మ. తెల్లచొక్కావాడు పసుపునీళ్లలో ముంచి తీసినట్టు ఉంటాడు. పావుగంట పోయాక ఎక్కణ్నుంచో నీలం నింపాదిగా దిగుతుంది, అప్పటికి అందరూ మనుషుల్లో పడతారు.

నాకు కాస్త ఎలక్ట్రానిక్స్ వచ్చు. ఆ 'కాస్త'తోనే వచ్చింది చిక్కంతా. కలర్ సర్క్యూట్‌లో కరెంటు దాచుకునే కెపాసిటర్ ఏదో ఎండిపోయింది, వేడెక్కితేగానీ కదలట్లేదు అని తేల్చేశాను. వెనక మూత విప్పి, మా ఆవిడ హెయిర్ డ్రయర్ చెప్పకుండా తెచ్చి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని బోర్డుకి వేడిగాలి కొట్టాను. జేబు స్టైలు కోసం కాదు. లోపల 20 వేల వోల్టులు దాటి ఉంటాయి, స్విచ్ తీసేసినా ట్యూబులో నక్కి కూర్చుంటాయి. రెండు చేతులూ పెడితే వాటికి గుండె మీదుగా దారి చూపించినట్టే.

ఐదు నిమిషాలు, పది నిమిషాలు... నీలం వచ్చింది! కేకేశాను.

"పావుగంటైంది కదండీ, రోజూ వచ్చేదేగా" అంది మా ఆవిడ, డ్రయర్ లాక్కుంటూ.

ఈ జబ్బుతో గొడవేంటంటే, ఒకసారి వేడెక్కిందా, ఆపి మళ్లీ వేసినా రంగులు బుద్ధిగా వచ్చేస్తాయి. పూర్తిగా చల్లారితేగానీ రోగం బయటపడదు. అంటే రోజుకి ఒకటే పరీక్ష. నాలుగు కెపాసిటర్లు మార్చడానికి నాలుగు రోజులు పట్టింది. కామెర్లు అలాగే ఉన్నాయి.

రిపేర్లు తెలిసిన మా బావమరిదిని పిలిచాను. వాడొచ్చేసరికి మా పిల్లాడు అరగంటగా కార్టూన్లు చూస్తున్నాడు. తెర మీద రంగులన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

"టీవీకేం కాలేదు బావా, నువ్వే కళ్లు చూపించుకో" అన్నాడు.

కాళ్లావేళ్లా పడితే అసలు సంగతి చెప్పాడు. ముందు బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చి, రంగులన్నీ తర్వాత వస్తే కలర్ సర్క్యూట్‌ని అనుమానించాలట. ఒక్క రంగే ఆలస్యమైతే ముందు ట్యూబు మెడలో ఉండి తెర మీదకి ఎలక్ట్రాన్లు చిమ్మే గన్‌ని చూడాలట. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు గన్‌లు. నీలం నిద్ర లేవకపోతే మిగిలిన రెండూ కలిసి పసుపు. పిల్లల రంగుల పెట్టెలో ఎరుపూ ఆకుపచ్చా కలిపితే బురదొస్తుందిగానీ, వెలుతురు లెక్క వేరు.

"మరి గన్‌ని వేడెక్కించే హీటర్ ఎర్రగా వెలుగుతోందిగా?" అన్నాను.

"పొయ్యి వెలిగితే సరిపోదు బావా. ఆ వేడికి ఎలక్ట్రాన్లు వదిలేది గన్‌లోని క్యాథోడ్. దాని మీద పూత అరిగిపోతే అవి ఎక్కణ్నుంచి వస్తాయి? మెడ బోర్డు మీద ఎరుపు, నీలం తీగలు అటుదిటు చేసి చూడు. ఈసారి ఎరుపు ఆలస్యమైతే తప్పు సర్క్యూట్‌ది, ఇంకా నీలమే అయితే ట్యూబుది."

మర్నాడు పొద్దున్నే, ప్లగ్ పీకి, తీగలు మార్చి స్విచ్ వేశాను. మనుషుల మొహాలు పాచిపట్టినట్టున్నాయి గానీ, తెల్లచొక్కా మాత్రం యథాప్రకారం పసుపే. దొరికింది దొంగ! గన్నే ముసలిదైపోయింది. హీటర్‌కి 6.3 వోల్టుల బదులు ఇంకాస్త ఎక్కువిస్తే హుషారొస్తుందిగానీ, అది ముసలి ఎద్దుని ముల్లుకర్రతో పొడవడమే. వద్దనుకున్నాను. సంబరంగా మూత పెట్టి, పది స్క్రూలూ బిగించేశాను.

సాయంత్రం వార్తలు. పావుగంట గడిచింది. వార్తలు చదివే ఆయన మొహం మెల్లమెల్లగా నీలం తిరగసాగింది. ఆయన వెనక ఆకాశం నారింజపండులా ఉంది.

"ఏవండీ, ఈయన విషం గానీ మింగాడా!" మా ఆవిడ లేచి నిలబడింది.

తీగలు మళ్లీ మార్చడం మర్చిపోయాను. పది స్క్రూలూ మళ్లీ విప్పాను.

ఇప్పుడు తీగలు సరిగ్గానే ఉన్నాయి. వార్తలకి పావుగంట ముందే స్విచ్ వేస్తున్నాం. పొద్దున స్కూలుకి లెమ్మంటే మావాడు దుప్పట్లోంచి, "ఇంకా నీలం రాలేదు నాన్నా" అన్నాడు.