హీరో లేని పాటకు స్టేజీ ఏదీ?

2025 ఫిబ్రవరిలో బెంగళూరు కచేరీలో బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్, 'దేవర' సినిమాలో 'చుట్టమల్లే' పాడిన శిల్పారావును స్టేజీ మీదికి పిలిచి, ఆమెతో కలిసి ఆ పాటే అందుకున్నాడు. ఆ వీడియో మన వాట్సాప్ గ్రూపులన్నిటినీ చుట్టేసింది. అబద్ధం ఎందుకు, నేనూ నలుగురికి పంపాను. ఇంగ్లండ్ వాడి నోట తెలుగు వింటుంటే ఒళ్లు పులకరించకుండా ఎలా ఉంటుంది? మర్నాటికి ఆ పులకరింత దిగింది. ముల్లు మాత్రం మిగిలింది. ఆయన తన పాట తాను రాసుకుని, భుజాన గిటార్ వేసుకుని పైకొచ్చినవాడు. అలాంటివాడికి ఒక తెలుగు పాట కావాల్సి వస్తే మనం అందించగలిగింది 'దేవర' పాట. అందులో తప్పేం లేదు, మంచి పాటే. కానీ సినిమాది కాని తెలుగు పాట, నలభై వేల మంది ఒక్కసారిగా గొంతు కలిపేది, ఒకటి చెప్పండి చూద్దాం. నాకైతే తట్టలేదు.

ఈమధ్య కచేరీల జోరు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2023లో గచ్చిబౌలిలో ఇళయరాజా, 2024లో అక్కడే దేవిశ్రీ ప్రసాద్, అదే ఏడాది నవంబరులో పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్, 2025 ఫిబ్రవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో షీరన్, అదే నెలలో విజయవాడలో తమన్. హైదరాబాద్‌కు లైవ్ కల్చర్ వచ్చేసిందని అందరూ రాశారు. వచ్చింది లైవ్ కల్చర్ కాదని నా వాదన. సినిమానే థియేటర్ దాటి స్టేడియంలోకి వచ్చింది. గ్యాలరీలో కూర్చుని చూసినవాడిగా చెబుతున్నాను. కీబోర్డు మీద మొదటి బిట్టు పడగానే జనం అరిచేది ఆ రాగానికి కాదు, ఆ బిట్టుకు హీరో వేసిన స్టెప్పుకి. వెనక తెర మీద ఆ స్టెప్పు పడితే ఇంకో రెండింతలు అరుస్తారు. పాడుతున్న మనిషి చెమటలు కక్కుతూ కిందే ఉంటాడు. అతని వైపు చూసేవాడే ఉండడు.

సరే, చిన్న బ్యాండ్ల సంగతికి వద్దాం. హైదరాబాద్‌లో బ్యాండ్లు లేవా అంటే లేకేం, బోలెడు. శుక్రవారం, శనివారం రాత్రుళ్లు పబ్బుల్లో వాయిస్తుంటారు. వాయించేవి ఏవంటే కవర్లు, అంటే ఇంకొకరి హిట్ పాటలు. నాకు తెలిసిన ఓ గిటారిస్టు కుర్రాడు రెండు గంటల షోలో తన సొంత పాట ఒక్కటి దూరుస్తాడు. అదీ పదో పాట, పదకొండో పాట అయ్యాక, టేబుళ్ల దగ్గర గ్లాసుల చప్పుడు పెరిగే టైంలో. 'అన్నా, ఒరిజినల్స్ మొదలెట్టంగనే టిష్యూ పేపర్ల మీద రిక్వెస్టులు వస్తయే' అంటాడు నవ్వుతూ. ఆ టిష్యూల మీద రాసి ఉండేవి ఏ పాటలో చెప్పక్కర్లేదు కదా.

దీనికి జనం అభిరుచిని తిట్టడం తేలిక. నేను తిట్టను. ఆ పబ్బులోకి ఎవరు రాగలరో ఒకసారి చూడండి. తెలంగాణలో మందు తాగే వయసు 21. ఇంటర్ చదివే పిల్లాడికి, బీటెక్ సెకండియర్ పిల్లకి ఆ తలుపు దాదాపు మూసేసినట్టే. ఏ వయసులో పాట గుండెకు హత్తుకుని జన్మంతా ఉండిపోతుందో, సరిగ్గా ఆ వయసు వాళ్లను బయట నిలబెట్టి, లోపల బిర్యానీ తింటున్న ఆఫీసు పార్టీకి సొంత పాట వినిపిస్తున్నాం. ఇక ఆ పాటకు అభిమానులు ఎక్కణ్ణుంచి పుడతారు?

పుట్టిన పాటల గతీ చూశాం. 'ఊరెళ్లిపోతా మామా' అని చౌరస్తా బ్యాండ్ పాడినప్పుడు, హైదరాబాద్‌లో అద్దె కొంపల్లో ఉన్న మా బ్యాచ్ మొత్తం దాన్ని అరిగేదాకా విన్నది. ఆ బ్యాండ్‌లోని రామ్ మిరియాల తర్వాత 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడాడు, 'డీజే టిల్లు' పాటతో ఇంటింటికీ తెలిశాడు. సంతోషమే. కానీ దారి ఎటు పోతోందో గమనించండి. 'పతంగ్' లాంటి పాటలతో పేరు తెచ్చుకున్న రోల్ రైడా 2018లో బిగ్ బాస్ ఇంటికి వెళ్లాడు. 'గల్లీ కా గణేష్' పాడిన రాహుల్ సిప్లిగంజ్ 2019లో వెళ్లి గెలిచాడు, 2023లో ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' పాడాడు. ర్యాపర్ నోయెల్ 2020లో. 'రాను బొంబాయికి రాను' రాము రాథోడ్ 2025లో. సొంత పాటతో ఊళ్లు ఊపేసినవాడికి మన దగ్గర తర్వాతి మెట్టు ఇంకో ఆల్బమో, ఊరూరా టూరో కాదు. బిగ్ బాస్, లేకపోతే సినిమా. వాళ్లను తప్పుపట్టడానికి నేనెవణ్ణి? ఇల్లు గడవాలి కదా.

రాము రాథోడ్ పేరు ఎత్తాను కాబట్టి ఇంకో మాట. ఇండీ, అంటే సినిమాతో సంబంధం లేని స్వతంత్ర సంగీతం అనగానే మనవాళ్లకు కళ్ల ముందు మెదిలేది గిటారు, గడ్డం, జూబ్లీహిల్స్ కాఫీ. తెలుగులో అసలు ఇండీ అది కాదు. కరీంనగర్ వైపు, నిజామాబాద్ వైపు పొలం గట్ల మీద కెమెరా పెట్టి తీసే ప్రైవేట్ సాంగ్స్ అన్నీ ఇండీయే. సినిమా నిర్మాత, హీరో, ఆడియో ఫంక్షన్ ఏవీ లేకుండా 2021లో 'బుల్లెట్టు బండి' వచ్చింది. ఒక పెళ్లికూతురు బరాత్‌లో దానికి డ్యాన్సు చేస్తే రెండు రాష్ట్రాలూ చూశాయి. 'రాను బొంబాయికి రాను'కి వ్యూస్ కోట్లలో ఉన్నాయి. ఇంతకన్నా స్వతంత్రం ఏముంటుంది? అయినా ఇండీ పాటల జాబితాలు వేసే ఇంగ్లిషు సైట్లలో ఇవి కనబడవు, టికెట్టు పెట్టి మంచి సౌండ్‌తో వీటి కచేరీ చేసే నిర్వాహకుడూ కనబడడు. ఇవి మోగేది పెళ్లి డీజే బాక్సుల్లో. సినిమాకు మాత్రం వీటి విలువ బాగా తెలుసు. జనం నోళ్లలో ఉన్న 'సారంగ దరియా' 2021లో 'లవ్ స్టోరీ' సినిమాకెక్కాక, అంతకుముందే దాన్ని టీవీలో పాడిన అమ్మాయి 'నా సంగతేంటి' అని అడగాల్సి వచ్చింది.

సినిమా పాటను చులకన చేస్తున్నానని కొందరికి కోపం రావచ్చు. శ్రీశ్రీ, ఆత్రేయ, వేటూరి, సిరివెన్నెల సినిమాకే కదా రాశారు, తెలుగు కవిత్వాన్ని రిక్షావాడి దాకా మోసింది సినిమా పాటే కదా అంటారు. ఒప్పుకుంటాను. నా ఫోన్లో సగం పాటలు వాళ్లవే.

కానీ అంతటి కవులకు కూడా సందర్భం చెప్పింది దర్శకుడే. ఆ సందర్భం అన్న మాట దగ్గరే నా గొడవంతా. సినిమా పాట పుట్టాలంటే సిచ్యుయేషన్ కావాలి. హీరో ఇంట్రో, డ్యూయెట్, ఐటెం, లవ్ ఫెయిల్యూర్, ఇంటర్వెల్ ముందు మాంటేజ్. ఈ గూళ్లలో పట్టని బతుక్కి తెలుగు సినిమాలో పాట లేదు. అమీర్‌పేట హాస్టల్లో ఒకే గదిలో ఆరుగురు, గోడకు జావా నోట్సు అంటించుకుని ఉద్యోగం కోసం రెండేళ్లు ఎదురుచూస్తారే, వాళ్ల మీద పాట ఏది? డల్లాస్‌లో ఉన్న కొడుకు తండ్రి చివరి చూపును వీడియో కాల్లో చూసి, మర్నాడు పొద్దున్నే డ్యూటీకి వెళ్లడం మీద? గల్ఫ్ నుంచి ఖాళీ చేతులతో దిగిన జగిత్యాల మనిషి మీద? ఈ ముగ్గురికీ దర్శకుడు సందర్భం ఇవ్వడు. ఇచ్చినా హీరో ఒప్పుకోడు, ఒప్పుకున్నా నిడివి ఎక్కువైందని ఎడిటర్ కోసేస్తాడు.

పక్క భాషల్లో ఏం జరిగిందో చూడండి. 2021లో తమిళంలో 'ఎంజాయ్ ఎంజామీ' వచ్చింది. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి, చివరికి సెంటు భూమి లేకుండా తిరిగొచ్చిన తన అవ్వ తరం కథను ర్యాపర్ అరివు అందులో పాడాడు. గాయని దీ గొంతు కలిపింది. సంతోష్ నారాయణన్ సినిమా సంగీత దర్శకుడే అయినా దాన్ని సినిమా బయట చేశాడు. ఏ కమర్షియల్ సినిమా ఆ అవ్వకు నాలుగు నిమిషాలు ఇచ్చేది? అంతకు మూడేళ్ల ముందే, 2018లో, చెన్నైలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బ్యాండ్ స్టేజీ ఎక్కి, ఆ ఊరి బస్తీల్లో పుట్టిన గానా పాటను, ర్యాప్‌ను కలిపి కులం గురించి నిలదీసింది. ఇక మలయాళం. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైన, మలయాళం వాళ్లు మూడున్నర కోట్లు. మనలో సగం కూడా లేరు. అయినా వాళ్లకు 2008 నాటికే అవియల్ అనే బ్యాండ్ ఆల్బమ్ ఉంది. 2013లో తైక్కుడం బ్రిడ్జ్ అనే ఇంకో బ్యాండ్ బయటపడింది కప్పా టీవీలో వచ్చే మ్యూజిక్ మోజో షోలో. ఆ షో పనల్లా ఒకటే, బ్యాండ్లను పిలిచి లైవ్‌గా వాయించమనడం. మన టీవీల్లోనూ పాటల పోటీలు కావలసినన్ని ఉన్నాయి. అందులో పిల్లలు పాడేది సినిమా పాటలు, జడ్జీలు సినిమావాళ్లు, గెలిస్తే ఇచ్చే బహుమతి సినిమాలో ఒక పాట.

మనం ఎప్పుడూ ఇంతేనా? కాదు. 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' శంకరంబాడి సుందరాచారి 'దీనబంధు' సినిమా కోసం రాశారు. సినిమావాళ్లు వాడుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి ప్రైవేటు రికార్డుగా పాడితే అదే రాష్ట్ర గీతమైంది. సాలూరి రాజేశ్వరరావు 'పాట పాడుమా కృష్ణా' ఏ సినిమాదీ కాదు. పాలగుమ్మి విశ్వనాథం తన 'అమ్మ దొంగా నిన్ను చూడకుంటే' పాటను రేడియో కోసం కట్టారు. ఆకాశవాణి 'ఈ మాసపు పాట' అని ఒక కొత్త లలిత గీతాన్ని నెలంతా నేర్పేది. మా అమ్మ నోటుబుక్కులో అవి ఇప్పటికీ ఉన్నాయి, పెన్సిల్‌తో రాసినవి, పక్కన సంగతులు ఎక్కడ పడతాయో గుర్తులతో సహా. అప్పుడు దాన్ని ఇండీ అనలేదు, పాట అన్నారు.

ఇప్పుడు సర్కారు దగ్గరికి. పెద్ద సినిమా వస్తుందంటే టికెట్ రేట్లు పెంచుకోమని రెండు రాష్ట్రాల్లోనూ జీవో వస్తుంది. సినిమా బయటి పాట కోసం ప్రభుత్వ కాగితం కదిలింది నాకు గుర్తున్నంతలో ఒక్కసారే. 2024లో దిల్జీత్ హైదరాబాద్ వచ్చినప్పుడు, మందు మాట వచ్చే పాటలు పాడొద్దని ఇచ్చిన నోటీసు. ఆయన మాటలు మార్చి పాడి వెళ్లిపోయాడు. సరే, అది పోనీ. గద్దర్ సంగతి చూడండి. గజ్జె కట్టి, భుజాన గొంగడి వేసుకుని, మైకు ఉన్నా లేకున్నా లక్షల మందితో పాడించినవాడు ఆయన. ఈ గడ్డ మీద ఇండీ అన్న మాటకు అంతకు మించిన అర్థం నాకు తెలియదు. 'మా భూమి'లో కనబడ్డాడు, నిజమే, తర్వాతా సినిమాలకు పాడాడు. కానీ ఆయన పాట సినిమా మీద ఆధారపడి బతకలేదు. ఆయన పేరు మీద తెలంగాణ ప్రభుత్వం పెట్టిన అవార్డులు ఏమిటి? సినిమా అవార్డులు. 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చారు. గొంగడి ఆయనది, సూటు బూటు వాళ్లవి. ఆ పేరు మీద ఊళ్లలో పాటలు కట్టే పదిమందికి ఒక్క రికార్డింగు ఖర్చు ఇచ్చినా ఎంత బాగుండేది.

నన్నడిగితే డబ్బు కూడా రెండోది. ముందు కావలసింది హాలు. స్టేడియం కాదు, పబ్బు కాదు, ఫంక్షన్ హాలు అసలే కాదు. మూడొందల కుర్చీలు, సరైన సౌండు, 200 రూపాయల టికెట్టు, పక్కన టీ కొట్టు. కచేరీ టికెట్టు 500 రూపాయల లోపుంటే జీఎస్టీ కూడా లేదు. ఆరుబయట రాత్రి పదికి స్పీకర్లు ఆపాలన్న నిబంధన ఉంది, మంచిదే, హాల్లోనూ ఏడింటికి మొదలుపెడితే తొమ్మిదిన్నరకు పిల్లలు మెట్రో ఎక్కేస్తారు. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచీ చాయ్, సమోసాల మధ్య ఇలాంటి పనే చేస్తోంది. కోటి మంది ఉన్న ఊళ్లో ఆ ఒక్క ప్రాంగణం ఎన్ని పాటల్ని మోస్తుంది? వరంగల్‌లో, గుంటూరులో, విశాఖలో, తిరుపతిలో కళాక్షేత్రాలో, ఆడిటోరియాలో ఉన్నాయి. సాయంత్రం అటు వెళ్తే సన్మాన సభో, ఘంటసాల పాటల విభావరో. ఘంటసాల అంటే నాకూ ప్రాణమే. వారంలో ఆరు రోజులు ఆయన తీసుకోనీ, ఏడో రోజు బతికున్నవాళ్లకు ఇవ్వమంటున్నాను.

పోయిన ఏడాది మా గిటారిస్టు కుర్రాడి కోసం ఓ ప్రభుత్వ హాలు అడగడానికి వెళ్లాను. ఏ ఊరో, ఏ హాలో వద్దులెండి. గుమాస్తా మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడు. ఫారంలో 'కార్యక్రమం' అన్నచోట 'సొంత పాటల కచేరీ' అని రాశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

'సొంత పాటలంటే, ఏ సినిమాలోవండీ?'

ఏ సినిమాలోవీ కావన్నాను. కొంచెంసేపు ఆలోచించి, ఆ మాట కొట్టేసి పైన 'సినీ సంగీత విభావరి' అని రాసుకుని స్టాంపు వేశాడు. అలా అయితే త్వరగా శాంక్షన్ అవుతుందట.