సున్నాలు లేని చేపల పద్దు

మా పక్కింటి పెద్దాయన బ్యాంకు ఉద్యోగం నుంచి విశ్రాంతి పొందిన నాటి నుంచి గాలం పట్టుకున్నారు. దానిపై నాకు ఆక్షేపణ లేదు. తిరుపతిలో విశ్రాంత ఉద్యోగులకు ఉన్న వ్యాపకాలలో అది నిరపాయకరమైనదే; వాట్సాప్‌లో శుభోదయాలు పంపే చేతికి ఆ రెండు గంటలూ వేరే పని దొరుకుతుంది. నా బాధంతా ఆయన చేతిలోని గాలంతో కాదు, చంకలోని పుస్తకంతో.

ఎక్కడో బ్రిటన్‌లోని వేల్స్‌లో సీ ట్రౌట్ అనే చేపను పట్టేవారు రోజువారీ పద్దు రాసుకుంటారని ఆయన చదివారు. వారు రాసుకోవడంలో న్యాయముంది. ఆ చేప ఏటిలో పుట్టి, సముద్రానికి పోయి బలిసి, వెండి రంగు తిరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఏటికే వస్తుంది. వచ్చాక మేత పెద్దగా ముట్టదు, పగలు అలికిడికే బెదురుతుంది. ఆకలి లేని చేపను చీకట్లో, ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగుతో మోసగించాలంటే మాటలు కాదు గనుక, ఎన్నింటికి గాలం వేశారు, ఎప్పుడు విరమించారు, ఏటి మట్టమెంత, వరద తీసి నీరు తేరుకున్నదా, వెన్నెల ఉన్నదా, ఏ మడుగులో ఎన్నిసార్లు తగిలి తప్పించుకున్నది, ఇవన్నీ వారు రాస్తారు. ఏమీ పడని రాత్రిని మరింత శ్రద్ధగా రాస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ చేపకు లైసెన్సు తీసుకున్నవారు ఎన్ని పట్టారో ఏటా ప్రభుత్వానికి లెక్క పంపాలి. ఒక్కటీ పట్టకపోతే ఆ సంగతే రాసి పంపాలి. అక్కడ సున్నాకు చట్టంలోనే పీట వేశారు.

ఇక మా పద్దు. గాంధీ రోడ్డులో కొన్న లాంగ్ నోట్‌బుక్కు, నాలుగు మూలలా పసుపు, మొదటి పేజీలో శ్రీవారి పటం, నక్షత్రాలన్ని గడులు, అంటే 27. తిథి, వర్జ్యం, రాహుకాలం, చొక్కా రంగు, బయలుదేరేటప్పుడు ఎదురొచ్చినవారి పేరు. ఇరవయ్యారో గడిలో నీటి వేడి. ఇరవయ్యేడోది చేపలకు కేటాయించారు. స్థలం మిగిలింది గనుక.

ఆ నీటి వేడి సంగతి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. మనవడి జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరును పెద్దాయన దారానికి కట్టి, కట్ట మీద గొంతుక్కూర్చుని, చెరువులోకి వదిలారు. మనిషి ఒంటి కోసం పుట్టిన ఆ పరికరం అంతకన్నా బాగా చల్లనైనదేదైనా తగిలితే అంకె చూపదు. ఆంగ్లంలో 'లో' అని చూపి ఊరుకుంటుంది. ఆయన "చెరువు: లో" అని రాసుకున్నారు. మరునాడూ "చెరువు: లో." పక్షం రోజులు గడిచాక, నీటి వేడి ఇంత నిలకడగా ఉన్న చెరువు జిల్లాలో మరొకటి లేదని నాతో గర్వంగా అన్నారు. ఒక మధ్యాహ్నం దానిని ఎండలో రాతి మీద మరచిపోయి, తీసి చూస్తే 102. పక్కనే పుల్లకు దారం కట్టి, మైదా ముద్ద గుచ్చి, జిలేబి చేపలను ఒకదాని వెంట ఒకటిగా తీస్తున్న కుర్రవాడు తొంగి చూసి, "ఏంది సామీ, చెరువుకు జొరమొచ్చినాదా?" అని అడిగాడు. పెద్దాయన నవ్వలేదు. జ్వరపడిన చెరువును బాధించడం తగదని గాలం చుట్టుకుని ఇంటికి వచ్చేశారు.

కట్ట మీద ఆయన రాసేది పెన్సిలుతో. చేప పడితే రాత్రి దాని మీద సిరా దిద్దుతారు. పడకపోతే రబ్బరుతో చెరిపేస్తారు. అశుభాన్ని పుస్తకంలో ఉంచరాదట. ఆరు నెలల్లో నలభైసార్లకు పైగా వెళ్ళిన మనిషి పుస్తకంలో సిరా పడిన రోజులు మూడు, మూడూ మంగళవారాలు, సగటున రోజుకు రెండు చేపలు. జిలేబి చేపకు మంగళవారమే నోరు తెరుచుకుంటుందని సిద్ధాంతం తేలింది. ఉత్త చేతులతో తిరిగి వచ్చిన మంగళవారాలు ఎన్నో ఆ రబ్బరుకే తెలియాలి.

వినాయక చవితి దాటాక చెరువు నల్లబడింది. పై కాలనీల మురుగు కాలువను ఎవరో దానిలోకి తిప్పారు. ఒక తెల్లవారుజామున చేపలు వెల్లకిలా తేలాయి. పెద్దాయన, నేను, ఆ కుర్రవాడు ఒక కార్యాలయానికి వెళ్ళాము. నీళ్ళు ఎప్పటి నుంచి ఇలా ఉన్నాయి, రాతపూర్వకంగా ఏమైనా ఉన్నదా అని అడిగారు. "చవితి పోయిన మూడో దినం నుంచే సార్, మురుగు ఇడిసినారు" అన్నాడు కుర్రవాడు. నోటి మాట చెల్లదన్నారు. అప్పుడు మా ముగ్గురి చూపూ పెద్దాయన చంకలోని పుస్తకం మీద పడింది. దానిలో మూడు మంగళవారాలు ఉన్నాయి.

ఆ చెరువు కుళ్ళిందని చెప్పడానికి కాగితం కావాలా? కట్ట మీద నిలబడితే ముక్కు చెప్పదా? అడంగల్‌లో నేటికీ చెరువు అని ఉన్నచోట ఇంటి స్థలాల హద్దురాళ్ళు ఎవరు పాతారని ఏనాడూ అడగనివారు, మమ్మల్ని తేదీ అడుగుతారు! అయినా వారిని అని ఏం లాభం? వెళ్ళినప్పుడల్లా ఆ నీటి ముందే రెండు గంటలు కూర్చుని, ఆ రంగును, కదలని బెండును కళ్ళారా చూసి, పెన్సిలుతో రాసి, ఇంటికి వచ్చి చెరిపేసిన మనిషి మా వీధిలోనే ఉన్నాడు. వేల్స్ ఏరుల్లో సీ ట్రౌట్ తగ్గిపోతున్నదని తెలిసినది చేపను ఎత్తి పట్టుకుని దిగిన ఫోటోలతో కాదు. ఏటేటా పలచబడుతూ వచ్చిన లెక్కలతో, ఉత్త చేతులతో ఇంటికి పోయినవాడు సిగ్గుపడకుండా రాసి పంపిన కాగితాలతో. మన సిగ్గు ఒక చెరువును మింగింది.

ఆ రాత్రి పుస్తకం అడిగి తెచ్చుకుని, ఆనాటి తేదీ వేసి సిరాతో రాశాను: "నీరు నలుపు. దుర్వాసన. పట్టినవి 0. చచ్చి తేలినవి, కట్ట మీద నుంచి కనబడినంత మేరకు, 63."

తెల్లవారి పెద్దాయన వైట్‌నర్ సీసా పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. "ఏంది సార్ ఇట్ల చేసినారు?" అన్నారు, నిజంగానే నొచ్చుకుని. "నా సగటు పాడైపోయింది."