బొమ్మ నహువాలది, కాగితం ఒటోమీలది

పక్షులు, పూలు, పెళ్లి ఊరేగింపులతో కిక్కిరిసిన గోధుమరంగు కాగితం. మెక్సికో జానపద చిత్రం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. ఆ కాగితం పేరు అమాటె. బొమ్మ వేసేది గెరెరో రాష్ట్రంలో బాల్సాస్ నది పరిసరాల్లో ఉండే నహువా అనే మూలవాసులు. కాగితం చేసేది వందల కిలోమీటర్ల అవతల, పువెబ్లా రాష్ట్రం కొండల్లోని సాన్ పాబ్లిటో ఊళ్లో ఉండే ఒటోమీ అనే మరో మూలవాసులు. ఈ రెండు పనులూ కలిసింది 1960లలో. అంతకుముందు అమెయాల్టెపెక్ ఊరి నహువాలు ఇలాంటి బొమ్మలే కుండల మీద వేసి అమ్మేవారు. కుండ దారిలో పగలొచ్చు, కాగితమైతే చుట్టి చంకలో పెట్టుకుని పోవచ్చు.

అంటే 'ప్రాచీన కళ' అని అమ్ముతున్న ఈ చిత్రాల వయసు అరవై ఏళ్ల పైచిలుకే. ప్రాచీనమైనది కాగితం. స్పెయిన్ వాళ్లు రాకముందు అస్తెక్ పాలకులకు ఏటా 4,80,000 ఠావులు కప్పంగా చేరేవని లెక్క. ఆ తర్వాత స్పెయిన్ వాళ్లు దాన్ని అణచివేస్తే, ఒటోమీలు పూజల్లో విత్తనాల దేవతల బొమ్మలు కత్తిరించుకోవడానికి నిలుపుకున్నారు.

పాత పద్ధతిలో వాడిన చెట్లలో ముఖ్యమైనవి మన మర్రి, మేడి జాతివే. బెరడు లోపలి నార తీసి, సున్నం నీళ్లలోనో బూడిద నీళ్లలోనో గంటల తరబడి ఉడికిస్తారు. కడిగిన నారను చెక్కపలక మీద గళ్లుగా పరిచి, గుప్పిట్లో ఇమిడే రాతితో దంచుతారు. పీచు విచ్చుకుని గళ్లు పూడిపోతాయి, వేరే జిగురు అక్కర్లేదు. ఉడుకు చాలకపోతే మాత్రం నార దారాల్లాగే నిలిచిపోయి మధ్యలో చిల్లులు పడతాయి. అక్కడ చిన్న నారముక్క పెట్టి మళ్లీ దంచాలి. చివరికి నారింజ తొక్కతో రుద్ది, పలకతో సహా ఎండలో పెడతారు. పలకకు అంటుకున్న వైపు నునుపుగా వస్తుంది. బొమ్మకు పనికొచ్చేది అదే. గరుకు వైపు వేస్తే సన్నని నల్లగీత పీచు వెంట పాకిపోతుంది.

గిరాకీ పెరిగాక ఆ చెట్లు చాలలేదు. 1980ల నాటికి హోనోటె బెరడు వచ్చింది. కాఫీ తోటల్లో నీడనిచ్చే చెట్టు, తొందరగా పెరుగుతుంది. కానీ నార మొండిది, కాస్టిక్ సోడాకు గానీ లొంగదు. తెల్లగా కావాలంటే బ్లీచింగ్ కూడా వెయ్యాలి. చేతులు కాలేది ఒటోమీలకు, ఆ నీళ్లు పోయేది ఊరి వాగులోకి. సరిగ్గా కడగని ఠావులో మిగిలిన మందు మెల్లగా పీచును తినేస్తుంది, కాగితం పెళుసెక్కుతుంది.

మన చేర్యాలలో పటాల మీద బొమ్మలు వేసే నకాషీలు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద తామే పట్టించుకుంటారు. గుడ్డ చెడితే నష్టం వాళ్లదే. అమాటె విషయంలో చెడగొట్టే తొందర ఒకచోట, నష్టం ఇంకోచోట. పైగా బొమ్మ మూలన సంతకం ఉంటే అది చిత్రకారుడిదే, ఠావు చేసినవాళ్ల పేరు ఎక్కడా కనిపించదు. ఠావు ధర పిసికే బేరం ఆగనంతకాలం సోడా డబ్బా కూడా ఆ ఊరు వదలదని నా అభిప్రాయం.

కొనేవాళ్లు రంగులు చూసే ముందు చిత్రాన్ని వెలుతురుకు ఎత్తి పట్టండి. దంచిన నార గళ్లు మసగ్గా కనిపిస్తాయి. అవి ఎక్కడికక్కడ కలిసిపోయి ఉంటే ఆ ఠావుకు ఉడుకూ దెబ్బలూ సరిగ్గా పడ్డట్టే.