సాగర్ గేట్లకు లేని క్యాలెండర్ ఆటకెందుకు?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటకు వచ్చిన కొత్త ఎక్స్‌పాన్షన్ (ఆటకు కలిపే పెద్ద కొత్త భాగం) మిడ్‌నైట్ ఇంకా పాతబడనే లేదు, దాని తర్వాతిదైన 'ది లాస్ట్ టైటన్' ఎప్పుడొస్తుందన్న లెక్కలు అప్పుడే మొదలయ్యాయి. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఈ ఆట ఆడే నలుగురు కలిస్తే మాట అక్కడికే పోతోంది. "పోయినసారి పద్దెనిమిది నెలలు పట్టింది గదా అన్నా, గీసారి గూడ గంతే. 2027 సెప్టెంబర్ అని రాసి పెట్టుకో" అంటాడు ఒకడు. "ఎప్పుడన్నా రెండేండ్లే తమ్మీ, 2028 మార్చి దాకా ఆశ పెట్టుకోకు" అంటాడు ఇంకొకాయన. రెండూ కాకిలెక్కలే. ఇద్దరిలో ఒకరిది రేపు నిజమైనా అది గుడ్డిదెబ్బే అవుతుంది తప్ప అంచనా అనిపించుకోదు.

రెండేండ్ల సూత్రం సంగతే చూడండి. పాత ఎక్స్‌పాన్షన్లలో బ్యాటిల్ ఫర్ అజెరాత్ 2018 ఆగస్టు 14న, షాడోల్యాండ్స్ 2020 నవంబర్ 23న వచ్చాయి. మధ్యలో 27 నెలలు. అక్కడి నుంచి డ్రాగన్‌ఫ్లైట్‌కు (2022 నవంబర్ 28) 24 నెలలు, ది వార్ విథిన్‌కు (2024 ఆగస్టు 26) 21, మిడ్‌నైట్‌కు (2026 మార్చి 2) 18. ప్రతిసారీ మూడేసి నెలలు తగ్గుతూ వచ్చింది. పోయిన లెక్కే ఈసారికీ పనికొస్తుందని నమ్మేవాళ్లు నిజానికి ఇప్పుడు 15 నెలలు అనాలి. ఎవరూ అనరేం? ఆ వరుస ఎక్కడో ఆగుతుందని వాళ్లకూ తెలుసు. ఎక్కడ ఆగుతుందో చెప్పే శక్తి క్యాలెండర్‌కు లేదు.

ఇంతకన్నా మంచి లెక్క మన మిర్యాలగూడ వైపు రైతుకు ఎప్పటి నుంచో తెలుసు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు ఎప్పుడొస్తాయని అడిగితే ఆయన నిరుటి తేదీ చెప్పడు. ఆలమట్టి నిండిందా, నారాయణపూర్ గేట్లు లేచాయా, జూరాలకు వరద ఎంత, శ్రీశైలం ఎన్ని అడుగుల మీద ఉంది అని చూస్తాడు. శ్రీశైలం 885 అడుగులకు దగ్గరపడి గేట్లు ఎత్తితే అప్పుడు సాగర్ వైపు తిరుగుతాడు. సాగర్ పూర్తి మట్టం 590. అక్కడికి ఇంకా ఎన్ని అడుగులు కావాలో, పై నుంచి రోజుకు ఎంత దిగుతోందో కూడి నారు పోయాలా ఆగాలా తేల్చుకుంటాడు. తొందరపడి పోస్తే నారు ముదురుతుంది, ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయి. 2023లో కృష్ణకు వరద సరిగా రాక సాగర్ నిండలేదు. ఆ ఏడాది క్యాలెండర్‌ను నమ్మి మడి తడిపినవాడి గతి ఏమిటో వేరే చెప్పాలా?

ఆటలో జూరాల, శ్రీశైలం అంటే ప్యాచ్‌లే, అంటే ఎక్స్‌పాన్షన్ నడుస్తుండగా నంబర్లతో దిగే అప్‌డేట్లే. ది వార్ విథిన్‌లో వాటి నడక ఎలా ఉందో గుర్తు చేసుకోండి. 11.1 వచ్చింది 2025 ఫిబ్రవరి 25న. 11.1.5 ఏప్రిల్ 22న, 11.1.7 జూన్ 17న, 11.2 ఆగస్టు 5న, 11.2.5 అక్టోబర్ 7న, 11.2.7 డిసెంబర్ 2న. ఏ రెండింటి మధ్యనైనా ఏడు నుంచి తొమ్మిది వారాలే. వీటిలో అసలు చూడాల్సింది చివరి పెద్ద ప్యాచ్, అంటే ఆ ఎక్స్‌పాన్షన్ ఆఖరి రెయిడ్‌తో (గుంపుగా ఆడే పెద్ద పోరుతో) వచ్చేది. అది దిగిందంటే శ్రీశైలం నిండినట్టే.

ఆ ప్యాచ్ నుంచి తర్వాతి ఎక్స్‌పాన్షన్‌కు పట్టిన కాలాన్ని వరుసగా పెట్టి చూస్తే కథంతా అందులోనే ఉంది. 2013లో 5.4 తర్వాత 14 నెలలు ఎదురుచూశారు. 2015లో 6.2 తర్వాత మళ్లీ 14. ఆడేవాళ్లు విసిగి సబ్‌స్క్రిప్షన్లు ఆపేసుకున్న కరువు కాలం అది. 7.3 నుంచి పదకొండున్నర, 8.3 నుంచి పది, 9.2 నుంచి తొమ్మిది, 10.2 నుంచి తొమ్మిదిన్నర, 11.2 నుంచి ఏడు నెలల లోపు. ఎక్స్‌పాన్షన్ల మధ్య దూరం తగ్గడానికి ఇదీ ఒక కారణం. చివరి ఎండు నెలలను కోసేయడం వల్ల కొంత, ఆఖరి పెద్ద ప్యాచ్ త్వరగా దిగడం వల్ల ఇంకొంత తగ్గింది. కాబట్టి నా తీర్పు సూటిగా చెబుతాను. పాత నడకే సాగితే మిడ్‌నైట్ చివరి పెద్ద ప్యాచ్ 12.2 ఏ రోజు దిగుతుందో ఆ రోజుకు ఏడు నుంచి పది నెలలు కలపండి. అది రాకముందే లాస్ట్ టైటన్‌కు తేదీ చెప్పడం 'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్నట్టే. 2026 సెప్టెంబర్ 12, 13 తేదీల్లో అనాహైమ్‌లో బ్లిజ్‌కాన్ (ఈ ఆట చేసే బ్లిజార్డ్ కంపెనీ వేడుక) అని కంపెనీ ప్రకటించగానే తేదీ అక్కడే తేలిపోతుందని ఆశపడ్డవాళ్లకూ ఇదే మాట. ఒకే వేదిక మీద 2023 నవంబర్‌లో మూడు ఎక్స్‌పాన్షన్ల పేర్లు చెప్పారు, దేనికీ రోజు చెప్పలేదు.

ప్రీ-ఆర్డర్ పేజీలో కనిపించే తేదీని పట్టుకుని ఊగేవాళ్లు ఇంకో రకం. డబ్బు ముందే తీసుకుంటున్నారు కనుక 'ఈ తేదీలోపు ఇస్తాం' అని ఒక గడువు రాయాలి, రాస్తారు. అది విడుదల తేదీ కాదు. వార్‌లార్డ్స్ ఆఫ్ డ్రేనార్‌కు 2014 డిసెంబర్ 20 అని రాసి నవంబర్ 13న ఇచ్చారు. లీజియన్‌కు 2016 సెప్టెంబర్ 21 అని రాసి ఆగస్టు 30న, బ్యాటిల్ ఫర్ అజెరాత్‌కు 2018 సెప్టెంబర్ 21 అని రాసి ఆగస్టు 14న, డ్రాగన్‌ఫ్లైట్‌కు 2022 డిసెంబర్ 31 అని రాసి నవంబర్ 28న తెచ్చారు. అంటే గడువుకు మూడు నుంచి ఐదున్నర వారాల ముందు. ఈ గడువు ఎంత దూరం పోవచ్చో చెబుతుందే గానీ ఎప్పుడు వస్తుందో చెప్పదు.

'ప్రకటించిన తేదీయే జారిపోతుంటే నీ ప్యాచ్ లెక్క ఏం నిలుస్తుంది?' అని అడగొచ్చు. జారింది, నిజమే. షాడోల్యాండ్స్‌కు 2020 అక్టోబర్ 27 అని ఆగస్టులో చెప్పి, అక్టోబర్ 1న వెనక్కి తీసుకున్నారు. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఇంకో ఆట వాళ్లు తమ ఎక్స్‌పాన్షన్ ఎండ్‌వాకర్‌ను 2021 నవంబర్ 23 నుంచి డిసెంబర్ 7కు జరిపారు. కానీ షాడోల్యాండ్స్‌లో జారింది తేదీ ఒక్కటే, దశ జారలేదు. ప్రీ-ప్యాచ్ (ఎక్స్‌పాన్షన్‌కు ముందు ఆటను సిద్ధం చేసే అప్‌డేట్) అక్టోబర్ 13న వచ్చింది, 41 రోజులకు ఆట వచ్చింది. మిస్ట్స్ ఆఫ్ పండారియా నుంచి ది వార్ విథిన్ దాకా ప్రీ-ప్యాచ్‌కూ ఆటకూ మధ్య నాలుగు నుంచి ఆరు వారాలే. లీజియన్‌కు 42 రోజులు, అజెరాత్‌కు 28, డ్రాగన్‌ఫ్లైట్‌కు 34, ది వార్ విథిన్‌కు 34. తేదీ తప్పిన ఏడాది కూడా ఈ హద్దు దాటలేదు.

అసలు ఈ తేదీల పిచ్చి మనకు ఆటల నుంచి అంటలేదు. నోటిఫికేషన్ ఎప్పుడు, పరీక్ష ఎప్పుడు అని ఏండ్ల తరబడి లెక్కలు కట్టిన జిల్లాలు మనవి. గ్రూప్-1 సంగతే తీసుకోండి. 503 పోస్టులకు 2022లో నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాస్తే పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాస్తే హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని చదివిన పాలమూరు పిల్లలు ఈ మూడు తేదీలకూ మూడుసార్లు కిరాయి కట్టారు. 2024 ఆగస్టు 2న అసెంబ్లీలో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. మళ్లీ క్యాలెండరే! కావలసింది అది కాదు. ఏ శాఖ ఖాళీల ఇండెంట్ పంపింది, ఆర్థిక శాఖ అనుమతి జీవో వచ్చిందా, రోస్టర్ పాయింట్లు ఖరారయ్యాయా, ప్రశ్నపత్రాల భద్రత ఏ మెట్టులో ఉందన్నది వారం వారం బోర్డు మీద పెట్టాలి. సాగర్ మట్టం రోజూ పేపర్లో వస్తుంది, ఖాళీల మట్టం ఎందుకు రాకూడదు? ఒక ఆటల కంపెనీ ఏడాది పొడుగునా ఏ ప్యాచ్ ఏ కాలంలో వస్తుందో రోడ్‌మ్యాప్ వేసి చూపిస్తోంది. 2022 చివరి నుంచి చాలావరకు దానికి కట్టుబడుతోంది కూడా. నిరుద్యోగికి ఆ మాత్రం చూపించడానికి ఏమడ్డం?

ఇక ఆట ఆడేవాళ్లకు. షాడోల్యాండ్స్ నుంచి నాలుగు ఎక్స్‌పాన్షన్లూ అమెరికా పసిఫిక్ టైమ్‌లో సోమవారం మధ్యాహ్నం 3 గంటలకే తెరుచుకున్నాయి. మనకు అది మంగళవారం తెల్లవారుజాము. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా వాళ్ల గడియారం గంట ముందుకు జరిగి ఉంటుంది కనుక 3:30, మిగతా రోజుల్లో 4:30. ఎవరైనా శుక్రవారం తేదీ చెబితే ఒక్కటే అడగండి: అది ఎర్లీ యాక్సెస్‌దా, అసలుదా? ది వార్ విథిన్‌లో ఖరీదైన ఎడిషన్ కొన్నవాళ్లకు అమెరికాలో ఆగస్టు 22 గురువారమే తెరిచారు, అది మనకు 23 శుక్రవారం.

నెలవారీ సబ్‌స్క్రిప్షన్ ప్రీ-ప్యాచ్ రోజున కడితే ఆట తెరుచుకునే వారానికి అది అయిపోయి మళ్లీ కట్టాల్సి వస్తుంది. 28 రోజుల్లోనే వచ్చిన అజెరాత్ లాంటిది అరుదు. ప్రీ-ప్యాచ్ ఈవెంట్ ఆడే ఉద్దేశం లేకపోతే విడుదల ముందు రోజు కట్టండి చాలు. డౌన్‌లోడ్ మాత్రం ఆ రోజుకు మిగల్చొద్దు. ఎక్స్‌పాన్షన్ ఫైళ్లలో ఎక్కువ భాగం ప్రీ-ప్యాచ్‌తోనో, ఆ తర్వాతి వారాల్లోనో ముందే దిగుతాయి. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెట్టుకునే ఊళ్లలో దాన్ని నాలుగు వారాలకు పరిచి దించుకోవాలి, లేదా టౌన్‌లో ఫైబర్ ఉన్న దోస్తు ఇంట్లో దించి, ఆట ఫోల్డర్‌ను హార్డ్ డిస్క్‌లో తెచ్చుకుని లాంచర్‌కు ఆ ఫోల్డర్ చూపిస్తే మిగిలిన కొంచెమే దిగుతుంది.