నెమలికి పిచ్చి పట్టలేదు, మీ కారుకి పాలిష్ ఎక్కువైంది

పొద్దున్నే కాలనీ గ్రూపులో వీడియో. నల్ల కారు తలుపు మీదకి మగ నెమలి ఎగిరెగిరి తన్నుతోంది. కింద 47 మెసేజ్‌లు. "దీనికి పిచ్చి పట్టింది, ఫారెస్ట్ వాళ్లకి ఫోన్ చేయండి." "టపాకాయ ఒకటి పేల్చండి, మళ్లీ రాదు." ఒక అంకుల్ అయితే ఏకంగా "స్వామివారి వాహనానికి కోపం వచ్చింది, మంగళవారం అభిషేకం చేయిద్దాం, తలా 500" అని క్యూఆర్ కోడ్ కూడా పెట్టేశాడు. వీటన్నిటి మధ్య ఇంకో మహానుభావుడి జ్ఞానగుళిక: "నెమలి బ్రహ్మచారి కదండీ, దానికి ఈ కోపాలేంటి? కన్నీళ్లు తాగి ఆడనెమలి గుడ్లు పెడుతుందిగా."

అక్కడ నా వల్ల కాలేదు. గ్రూపులో రాస్తే తగువు, అందుకని ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ కన్నీళ్ల సంగతి. 2017 మే 31న రాజస్థాన్ హైకోర్టు జడ్జి ఒకాయన రిటైరయ్యే రోజున టీవీ వాళ్ల ముందు ఈ మాటే అన్నారు. దేశమంతా నవ్వింది. అయినా మన గ్రూపుల్లో అది ఇంకా నిక్షేపంగా బతికే ఉంది. నెమలీకని పుస్తకంలో దాచి, పెన్సిల్ పొట్టు మేత వేసి, పిల్లలు పెడుతుందని ఎదురుచూసేవాళ్లం చూడండి, అదే నయం. అప్పుడు మనకి ఏడేళ్లు.

నెమలి కోళ్ల కుటుంబంలోది. కోళ్లు ఎలా జతకడతాయో ఇవీ అలాగే. ఆడది నేలకి వంగి కూర్చుంటుంది, మగది ఒక కేక పెట్టి ఒక్క ఉరుకున మీదికెక్కుతుంది, కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఆ కొన్ని సెకన్లు చూడనివాళ్లే కన్నీళ్లు కనిపెట్టారు. అన్నట్టు, ఆ కేక దూరాన ఉన్న ఆడనెమళ్లకీ వినిపిస్తుంది, విని ఇటే వస్తాయి. అందుకే పక్కన ఆడది లేకపోయినా అదే కేక పెట్టి దొంగ ప్రచారం చేసుకునే మగవీ ఉన్నాయి. మన ఊరి ప్రీలాంచ్ ఆఫర్ల హోర్డింగులు చూసి నేర్చుకున్నాయేమో.

ఇక బ్రహ్మచర్యం. మన వైపు ఏప్రిల్ నుంచి వానలు తగ్గేదాకా దీని సీజన్. ఒక్కో మగది ఒక చిన్న జాగా పట్టుకుంటుంది, పక్క జాగాలో ఇంకోటి, ఆ పక్కన మరోటి. ఆడనెమలి తీరిగ్గా అన్ని జాగాలూ తిరిగి, ఒక్కోడి పింఛం చూసి, నచ్చినవాణ్ని ఎంచుకుంటుంది. పెళ్లిచూపులకి అమ్మాయే వెళ్లొస్తుందన్నమాట. ఒకే మగది ఒక సీజన్‌లో నలుగురైదుగురితో జతకట్టొచ్చు, పక్కవాడికి ఒక్కటీ దొరక్కపోవచ్చు. ఆ తర్వాత తుప్పల చాటున నేల మీద గుంట చేసుకుని, 4 నుంచి 8 గుడ్లు పెట్టి, 28 రోజులు పొదిగి, పిల్లల్ని వెంటేసుకు తిరిగేదంతా ఆడదే. మగవాడు గుడ్డు ముట్టడు. వాడికి సీజనంతా రెండే పనులు: పురి విప్పడం, పక్క జాగావాణ్ని తన్నడం.

ఇప్పుడు మీ కారు దగ్గరికొద్దాం. వేలు పోసి సిరామిక్ కోటింగ్ చేయించి, తుడిచి తుడిచి అద్దంలా పెట్టి, తెచ్చి వాడి జాగాలో పార్క్ చేశారు. తలుపులో వాడికి ఇంకో మగ నెమలి కనిపించింది. నిజం నెమలైతే నాలుగు తన్నులకి పారిపోతుంది. తలుపులోది పారిపోదు. వీడు మెడ చాపితే వాడూ చాపుతాడు, వీడు ఎగిరితే వాడూ ఎగురుతాడు. కాలి వెనక అంగుళం దాకా ఉండే ముల్లుతో తన్నేది వాణ్ని, గీత పడేది మీ పెయింట్ మీద. ముదురు రంగు కార్లకే ఈ గోల ఎక్కువ, ఎందుకంటే నీడ వాటిలోనే స్పష్టంగా పడుతుంది.

కవర్ వేశాం, అయినా తన్నింది అంటారు. వేశారు, సగానికి. పైకప్పూ బానెట్టూ కప్పి తలుపులు వదిలేస్తే ఏం లాభం? నెమలి నిలబడేది నేల మీద, దాని కంటికి ఎదురుగా ఉండేది తలుపు. కవర్ చక్రాల సగం దాకా దిగాలి, గాలికి లేవకుండా కింద తాడు కట్టాలి, మెరవని గుడ్డయితే ఇంకా మంచిది. పక్క అద్దాలు మడిచి, పాత సాక్సులో గుడ్డసంచులో తొడగండి. ఇంటి కిటికీలకైతే లోపల ముదురు కర్టెన్ వేసి "అయినా వస్తోంది" అని ఏడవకండి. గాజు వెనక చీకటి పెరిగేకొద్దీ బయటివైపు అది అద్దంగా మారుతుంది. సన్ ఫిల్మ్ అంటిస్తే మరీనూ. పూయాల్సింది బయటివైపే. చిక్కటి సబ్బునీళ్లో సున్నమో నేల నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా పట్టించండి, వాన పడితే మళ్లీ పూయండి. ఇంటి అందం పోతుందంటారా? పోనివ్వండి, ఈ సీజన్ దాకేగా.

టపాకాయ సలహా ఇచ్చిన అన్నకి ఒక మాట. 1963 నుంచి అది జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. గాయపరిచినా, గుడ్లు తీసినా, గూడు చెడగొట్టినా వేట కిందే లెక్క, శిక్ష 3 నుంచి 7 ఏళ్లు. పట్టించి పంపించేద్దాం అంటారా? వీడు పోయిన మర్నాటికే ఖాళీ జాగాలోకి ఇంకోడు దిగుతాడు. అమెరికాలో మయామి పక్కన పైన్‌క్రెస్ట్ అనే ఊరివాళ్లు నెమళ్ల బెడద పడలేక మగవాటికి వేసెక్టమీ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) చేయించే పథకం పెట్టుకున్నది ఈ లెక్కతోనే. ఆపరేషన్ అయినవాడు జాగా వదలడు, ఆడవీ అతని దగ్గరికే వస్తాయి, పెట్టిన గుడ్లు మాత్రం పిల్లలు కావు.

అసలు నా మంట కారు గురించి కాదు. మనుషుల మీదకి వచ్చే నెమలి గురించి. అడవి నెమలి మనిషిని చూస్తే తుప్పల్లోకి దూరుతుంది. మీదకి వచ్చిందంటే దాని భయం ఎవరో పోగొట్టారు. ఆ ఎవరో మన గ్రూపులోనే ఉన్నారు, రోజూ అరచేతిలో బియ్యం, బిస్కెట్లు పెట్టి రీలు తీస్తారు, "మా కన్నయ్య" అని పేరు కూడా పెట్టారు. జూన్‌లో అదే కన్నయ్య వాళ్ల పాప మీద పురి విప్పి దూకితే "క్రూర జంతువు" అని పోస్టు!

ఇంతకంటే ఘనులు పొలం గట్టున దొరికిన గుడ్లు తెచ్చి నాటుకోడి కింద పెట్టేవాళ్లు. కోడికి తెలిసింది 21 రోజులు, దీనికి కావాల్సింది 28. కొన్ని కోళ్లు మధ్యలోనే లేచిపోతాయి. పొదిగినా, కోళ్ల పేగుల్లోని నులిపురుగుల ద్వారా వచ్చే బ్లాక్‌హెడ్ జబ్బు నెమలి పిల్లల్ని చంపుతుంది. అదీ తట్టుకుని చేతిమేతతో పెరిగిన మగది తాను నెమలినన్న సంగతే మర్చిపోతుంది. మూడో ఏడు నిండు పింఛం వస్తుంది, అప్పుడు వాడి కంటికి ఆడదీ మనిషే, పోటీకొచ్చే మగాడూ మనిషే. ముద్దుగా పెంచినవాణ్నే తంతాడు. అలాంటివాడు ఎదురైతే వెనక్కి తిరిగి పరుగెత్తొద్దు, అది వాడికి గెలుపు. ఎదురుగా నిలబడి గొడుగు తెరిచి అడ్డం పెట్టండి, పిల్లల్ని వెనక్కి లాక్కుని మెల్లగా నడవండి. కర్రతో కొడితే పోట్లాటకి ఒప్పుకున్నట్టే. ముల్లు గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్లలో పావుగంట కడిగి టీటీ సూది వేయించుకోండి. రేబిస్ అని కంగారు పడకండి, పక్షుల నుంచి అది రాదు.

ఇంకో మాట, గోడ అవతల తుప్పలన్నీ కొట్టించి లాన్ వేయించాలని తీర్మానం చేసింది ఎవరండీ? ఆడనెమలి గూడు పెట్టుకునే చాటు పోయింది, మగవాడికి మాత్రం చదునైన బరి దొరికింది. మనమే స్టేజీ కట్టించి డాన్సుకి కేసు పెడతామంటే ఎలా?

వానలు తగ్గేసరికి పింఛం ఈకలు రాలిపోతాయి. అప్పుడు వాడు తలుపులోవాడి వైపు కన్నెత్తి కూడా చూడడు. రాలినవి ఏరుకుని ఇంట్లో పెట్టుకోవచ్చు, దానికి చట్టం అడ్డు చెప్పదు.

అంకుల్, ఆ అభిషేకం 500కి ఇంకో 500 కలిపితే నిండా దిగే కారు కవర్ వస్తుంది.