గమనిక: టిఫిన్ బాక్స్ తెచ్చుకోవాలి

మా కాలేజీ ఆన్‌లైన్ కోర్సులకు డిజైన్ చేసి పెట్టడానికి హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు నల్లగొండ వచ్చాడు. పాఠం పేజీలో వీడియోకు ఒక పెట్టె, క్విజ్‌కు ఒకటి, 'గమనిక' అని పసుపు రంగులో ఇంకొకటి. కావాల్సినవి తెచ్చి పేర్చుకుంటే పాఠం తయారు. గమనిక పెట్టె మాత్రం అన్ని కోర్సులకూ ఉమ్మడిది. "ఒక్క చోట మారిస్తే అన్ని చోట్లా మారుతుంది సార్" అంటూ దాన్ని నీలం చేసి చూపించాడు. కామర్స్, కెమిస్ట్రీ, హిస్టరీ అన్నీ ఒకేసారి నీలమయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు. రంగుతో పాటు రాత కూడా అట్లాగే మారుతుందని, వేరేగా రాసుకోవాలంటే ముందు 'విడదీయి' బటన్ నొక్కాలని అతను చెప్పేసరికి సమోసాలు వచ్చాయి.

పద్ధతి మంచిదే. వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడ ఇలాంటివాటిని 2023 నుంచి సింక్డ్ ప్యాటర్న్ అంటున్నారు. పరీక్ష తేదీ మారితే ప్రతి పాఠం తెరిచి దిద్దే చాకిరీ తప్పుతుంది. కాకపోతే ఉమ్మడి పెట్టెలో ఎవరు వేలు పెడతారన్నది ముందే తేల్చుకోవాలి. మా దగ్గర అందరూ పెట్టారు.

మొదలుపెట్టింది హిస్టరీ సార్. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా కదలకుండా నిలిచే నీడను వీడియోలో చూపిస్తే పిల్లలు నమ్మరని ఆయన బాధ. అందుకని గమనికలో రాశారు: "ఆదివారం పొద్దున గుడి దగ్గర కలవాలి. టిఫిన్ బాక్స్ తెచ్చుకోవాలి. రానివాళ్లకు ఇంటర్నల్ మార్కులు కట్." సేవ్ నొక్కగానే "ఈ మార్పు అన్ని కోర్సులకూ వర్తిస్తుంది, సరేనా?" అని తెర అడిగింది. తెర అడిగితే సరే అనడమే కానీ చదివేవాళ్లెవరు?

కెమిస్ట్రీ మేడం పాఠం నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న వాక్యం కింద టిఫిన్ బాక్స్ కనిపించేసరికి మేడం అదిరిపడ్డారు. పిల్లలెవరో పాస్‌వర్డ్ కొట్టేశారని తీర్మానించి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, ఆ రాత చెరిపేసి తన గమనిక పెట్టారు: "ఆదివారం ప్రాక్టికల్. ప్రతి ఒక్కరూ పటిక, సున్నం, మీ బోరు నీళ్లు ఒక బకెట్ ల్యాబ్‌కు తేవాలి." తెర మళ్లీ సరేనా అంది. మేడం కూడా సరే అన్నారు.

శనివారం సాయంత్రం కామర్స్ విద్యార్థి ఒకడు తన సార్‌కు ఫోన్ చేశాడు. "సార్, బ్యాలెన్స్ షీట్ల సున్నం ఏ పద్దు కింద రాయాలె?" కామర్స్ సార్ మితభాషి. పెట్టె తెరిచి, ఉన్నదంతా తీసేసి, "కాలిక్యులేటర్ చాలు. ఇంకేమీ వద్దు" అని రాసి పడుకున్నారు. ఆ రాత్రి ఛాయా సోమేశ్వరాలయం ఫొటో కింద కూడా కాలిక్యులేటర్ చాలింది.

ఇక ఎవరు ఎప్పుడు కోర్సు తెరిచారన్నదాన్ని బట్టి ఆదివారం నడిచింది. గుడి దగ్గర హిస్టరీ సార్ ముందు టిఫిన్ బాక్సులతో నిలబడింది అచ్చంగా కామర్స్ పిల్లలే. వచ్చినవాళ్లను కాదనలేక సార్ ఒకప్పుడు పానగల్‌ను ఏలిన కందూరు చోళుల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. ముందు వరసలోని అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, గీ నీడ మా సిలబస్‌ల ఉందా?"

జవాబు చెప్పేలోపు కాలేజీ వాచ్‌మన్ ఫోన్. "సార్, మీ హిస్టరీ పిల్లలు ల్యాబ్ కాడ బకెట్లు పట్టుకొని నిలబడ్డరు. కెమిస్ట్రీ మేడం వాళ్లు మా పిల్లలు గాదంటున్నది. నీళ్లు ఈడనే పారబోయించాల్నా, ఆటోల గుడికి పంపాల్నా?"